నల్లమల నుండి సముద్రతీరానికి: ఆరోగ్య విహారానికి తీరం ఎంచుకొనుట ఎట్లు?

గుండ్లకమ్మ నల్లమల కొండలలో పుట్టి, కంభం, మార్కాపురం ప్రాంతాల మీదుగా ప్రవహించి, ఒంగోలు సమీపాన బంగాళాఖాతంలో కలుస్తున్నది. ఆ నది చేసే ప్రయాణాన్నే యర్రగొండపాలెం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల కుటుంబాలు కూడ ఏడాదికొకసారి చేయుట నేడు పరిపాటి అయినది. బడికి సెలవులు ఇచ్చినంతనే పిల్లలు సముద్రం చూపమని మారాము చేస్తారు. పెద్దలకు కూడ ఆ ఎర్రనేల, ఆ రాళ్లగుట్టలు, ఆ పొడిగాలి విడిచి నాలుగు దినాలు నీటి అంచున గడుపవలెనని కోరిక కలుగుట సహజం.

అయితే ఆ ప్రయాణం సాధారణంగా ఎట్లు సాగుతున్నది? తెల్లవారుఝామున బండి ఎక్కుతారు. పది, పదకొండు గంటలకు ఒడ్డు చేరుతారు. సూర్యుడు నడినెత్తిన ఉండగా గంటల తరబడి నీటిలో ఆడుతారు. వేకువన కట్టిన పెరుగన్నం మధ్యాహ్నం రెండు గంటలకు విప్పుతారు. చీకటి పడిన తరువాత తిరుగు ప్రయాణం. మరునాడు ఒకరికి జ్వరం, ఒకరికి విరేచనాలు, ఒకరికి వీపంతా మంట, ముసలివారికి లేవలేని నిస్సత్తువ. "సముద్రపు గాలి మాకు పడలేదు" అని నిర్ణయించుకొని, మరల ఆ దిక్కు చూడరు.

గాలి చేసిన తప్పు ఇందులో స్వల్పం. కాలం, స్థలం, దేహం అను మూడింటిని విచారించకుండ బయలుదేరుటయే అసలు తప్పు. మందు ఎంత మంచిదైనను కాలం, మోతాదు, అనుపానం తప్పినచో వికటించును కదా! సముద్రతీరం కూడ అటువంటిదే.

మన నేల, ఆ నేల

ఆయుర్వేదం భూమిని మూడు విధాలుగా విభజించినది. నీరు తక్కువగా, గాలి, ఎండ అధికంగా, ముళ్లచెట్లతో కూడినది జాంగల దేశం. నదులు, సముద్రం, చిత్తడి, దట్టమైన పచ్చదనం గలది ఆనూప దేశం. రెండు లక్షణాలు సమంగా ఉన్నది సాధారణ దేశం. చరక సంహిత కల్పస్థానంలో ఈ విభాగం వివరంగా కలదు. జాంగల దేశంలో వాతపిత్తాలు, ఆనూప దేశంలో వాతకఫాలు ప్రధానమని అచ్చట చెప్పబడినది.

పశ్చిమ ప్రకాశం మెట్టభూములు చాలవరకు జాంగల లక్షణం గలవి. ఇచ్చటి మనిషి దేహం పొడిగాలికి, జొన్న, సజ్జల వంటి రూక్షమైన ఆహారానికి, మితమైన నీటికి అలవాటు పడినది. సముద్రతీరం ఇందుకు పూర్తిగా విరుద్ధమైన ఆనూప దేశం. కనుక పొడిదగ్గు, పగిలే చర్మం, ఎండిన పెదవులు, నిద్రలేమి గల వాతపిత్త ప్రకృతులకు తేమగాలి హాయి గొలుపును. తరచు జలుబు, ఉబ్బసం, నాసికలో దిబ్బడ గల కఫప్రకృతులకు అదే గాలి కొంత భారం కావచ్చును.

అలవాటును ఒక్కసారిగా మార్చరాదని, నాలుగవ వంతు చొప్పున క్రమంగా మార్చవలెనని చరకుని ఉపదేశం. ఈ సూత్రం విహారానికి కూడ వర్తిస్తుంది. ఒక్క పగటిలో వెళ్లి, ఆడి, తిని, తిరిగివచ్చుట కంటె, రెండు రాత్రులు అచ్చట నిలుచుట దేహానికి మేలు. మొదటి దినం గాలి, రెండవ దినం నీరు అని నియమం పెట్టుకొనినచో అనేక బాధలు రానే రావు.

ఒక్క దినమున నాలుగు లంఘనములు

లంఘనం అనగానే ఉపవాసమని మాత్రమే మనం అనుకొంటాము. శరీరాన్ని తేలిక చేయునదంతయు లంఘనమే. చరకుడు లంఘనములు పది అని చెప్పి, వాటిలో దప్పికను, గాలిని, ఎండను, వ్యాయామాన్ని కూడ చేర్చినాడు. పాఠకులు ఒక్క క్షణం ఆలోచింపగలరు. సముద్రతీరంలో ఒక పగలు గడిపిన మనిషికి ఈ నాలుగును ఒకేసారి జరుగుచున్నవి. గాలి ఎదురుగా వీచును. ఎండ మీద పడును. ఇసుకలో నడక, అలలతో పెనుగులాట వ్యాయామం. ఆట ధ్యాసలో నీరు త్రాగుట మరచెదరు.

బలిష్ఠునికి, స్థూలకాయునికి, ఆకలి మందగించినవానికి ఇది ఔషధమే. సాయంకాలానికి ఒళ్లు తేలికపడి, ఆకలి పుట్టి, రాత్రి గాఢనిద్ర పట్టును. కాని కృశించినవారు, వృద్ధులు, జ్వరం నుండి కోలుకొన్నవారు, పసిబిడ్డలు ఇన్ని లంఘనాలను ఒక్కసారి భరించలేరు. తిరిగివచ్చిన మరునాటి నిస్సత్తువకు కారణం ఇదియే. అట్టివారికి లంఘనంతోపాటు బృంహణం, అనగా పోషణ, జరుగవలెను. ఉదయం నువ్వులనూనె అభ్యంగనం, నేతితో కూడిన వెచ్చని భోజనం, నీడన విశ్రాంతి, వేళకు నీరు వారికి తప్పనిసరి. సముద్రాన్ని నీడలో కూర్చుండి చూచుట కూడ విహారమేనని ఇంటి పెద్దలకు నచ్చజెప్పవలెను.

తీరం కంటె ముందు కాలం

పాశ్చాత్యులు ఎండను వెదకుకొనుచు సముద్రానికి పోదురు. ఐరోపా ఖండపు ఉత్తరభాగాన శీతకాలమంతా సూర్యదర్శనం అరుదు. అందుచేత అచ్చటివారు వేసవిలో పోర్చుగల్ దేశపు దక్షిణ తీరమైన అల్‌గార్వ్‌కు గుంపులుగా చేరుదురు. అచ్చట వేసవిలో వాన దాదాపు ఉండదు. గాలి పొడిగా ఉండును. అట్లాంటిక్ నీరు నడివేసవిలో కూడ చల్లగానే ఉండును. ఆకాశంలో వేడి, నీటిలో చలువ అను ఆ కలయికయే వారికి ప్రీతి. 1750లో రిచర్డ్ రస్సెల్ అను ఆంగ్ల వైద్యుడు సముద్రజలం వ్యాధులను పోగొట్టునని లాటిన్ భాషలో గ్రంథం వ్రాసిన తరువాత ఇంగ్లండులో సముద్రస్నానం వైద్యంగా ప్రచారం పొందినది. ఆయన ఆ నీటిని త్రాగమని కూడ చెప్పినాడు. నేటి వైద్యం ఆ సలహాను త్రోసిపుచ్చినది.

మనకు ఎండ కొరత లేదు. మనం కోరవలసినది మెత్తని ఎండ, మితమైన గాలి. కనుక వారు పోవు వేసవి మనకు తగదు. మే మాసంలో మెట్టప్రాంతం మండిపోవునని, తీరం చల్లగా ఉండునని మనవారి నమ్మకం. మామూలు దినాలలో మధ్యాహ్నం నుండి సముద్రపు గాలి వీచి కొంత ఊరట కలిగించుట నిజమే. అయితే పడమటి వడగాలి బలంగా ఉన్న దినాలలో ఆ గాలి ఒడ్డు దాటి రాలేదు. అప్పుడు తీరంలో వేడికి తేమ తోడై చెమట ఆరదు. చెమట ఆరనిచో దేహం చల్లబడదు. 2003లోను, 2015లోను వేసవి వడగాలులకు తెలుగునేలపై వెయ్యికి పైగా ప్రాణాలు పోయిన సంగతి మరువరాదు. గ్రీష్మంలో వ్యాయామాన్ని, ఉప్పు, పులుపు, కారాలను తగ్గించమని ఋతుచర్య చెప్పుచున్నది. సముద్ర విహారంలో మనం చేయునది సరిగ్గా ఇందుకు విరుద్ధం.

శరత్కాలం మరొక చిక్కు. శరత్తులో పిత్తం ప్రకోపించును గనుక ఎండ కూడదని శాస్త్రం. దానికి తోడు అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాలు, తుఫానులు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన మన పెద్దలు మరువలేనిది. 1990 మే 9న మరొక పెనుతుఫాను కృష్ణానది ముఖద్వారం వద్ద తీరాన్ని తాకినది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపాన తీరం దాటినది.

ఇక మిగిలినది హేమంత శిశిరాలు. డిసెంబరు చివరి వారం నుండి ఫిబ్రవరి ముగియువరకు మన తీరం ప్రసన్నంగా ఉండును. ఆకాశం నిర్మలం, ఎండ మృదువు. ఈ ఋతువులలో జఠరాగ్ని, దేహబలం ఉత్తమంగా ఉండునని శాస్త్రం చెప్పుచున్నది. కనుక లంఘనాన్ని దేహం తట్టుకొనగలదు. సంక్రాంతి సెలవులు ఇందుకు అనువైనవి. కార్తిక పౌర్ణమి, మాఘ పౌర్ణమి స్నానాలు పుణ్యప్రదములే. అయితే పౌర్ణమి, అమావాస్యలలో ఆటుపోట్ల వ్యత్యాసం అధికం. జనసమ్మర్దం కూడ ఆనాడే అధికం. బిడ్డలతో, వృద్ధులతో పోవువారు పర్వదినానికి నాలుగు దినాలు అటు ఇటుగా పోవుట క్షేమం.

మనకు అందుబాటులోని తీరాలు

పశ్చిమ ప్రకాశం నుండి సముద్రానికి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి మార్కాపురం, పొదిలి మీదుగా ఒంగోలుకు. రెండవది వినుకొండ, నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా చీరాల, బాపట్లలకు. రైలులో పోగోరువారు మార్కాపురం రోడ్డు స్టేషనులో ఎక్కి గుంటూరు చేరి, అచ్చటినుండి తెనాలి మీదుగా బాపట్ల, చీరాలలకు పోవచ్చును.

కొత్తపట్నం: ఒంగోలుకు సుమారు 18 కిలోమీటర్లు. జాలరుల పల్లె, సరుగుడు తోపులు. ఆడంబరం తక్కువ. దీని ముఖ్యగుణం ఒంగోలు పట్టణపు సామీప్యం. బస పట్టణంలో, విహారం తీరంలో పెట్టుకొనవచ్చును. ఆపద కలిగినచో ప్రభుత్వ సర్వజన వైద్యశాల అందుబాటులో ఉండును. రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు గల పెద్దలున్న కుటుంబం ఈ తీరాన్ని మొదట పరిశీలించవలెను.

ఓడరేవు, రామాపురం: చీరాల నుండి ఓడరేవు సుమారు 7 కిలోమీటర్లు. దీపస్తంభం, చేపల పడవలు కనులపండువు. రామాపురం వైపు విడిది గృహాలు అనేకం. రెండు మూడు దినాలు నిలుచువారికి సౌకర్యం. ఆదివారాలలో రద్దీ, కేకలు అధికం. విశ్రాంతి కోరువారు వారం మధ్యలో పోవుట మంచిది. ఈ తీరాననే కొంత దక్షిణాన మోటుపల్లి ఉన్నది. కాకతీయ గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించిన రేవు అది. పిల్లలకు చూపదగిన చోటు.

సూర్యలంక: బాపట్ల నుండి సుమారు 9 కిలోమీటర్లు. విశాలమైన ఇసుకతీరం. పర్యాటక శాఖవారి విడిది ఒడ్డుననే ఉన్నందున, ఎండ ముదిరినంతనే గదికి చేరుకొనవచ్చును. పసిపిల్లలున్న వారికి ఇది గొప్ప సదుపాయం. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడినప్పటి నుండి చీరాల, బాపట్ల తీరాలు ఆ జిల్లాలోనివి.

పాకల: సింగరాయకొండ సమీపాన ఉన్నది. సింగరాయకొండ నరసింహస్వామి దర్శనంతో కలిపి పోవుట అలవాటు. బస సౌకర్యాలు తక్కువ గనుక ఉదయం వచ్చి ఎండ ముదరకముందే మరలువారికి తగును.

మంగినపూడి: మచిలీపట్నం వద్దిది. నల్లని నేల, లోతు తక్కువ గల నీరు దీని ప్రత్యేకత. దూరం మాత్రం అధికం.

ఋషికొండ, భీమునిపట్నం: విశాఖ సమీపంలోని ఈ తీరాలకు పోవుటకు వారం దినాల తీరిక ఉండవలెను. ఋషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు లభించినది. నీటి శుద్ధత, భద్రత, పరిశుభ్రతలను పరీక్షించి ఇచ్చు అంతర్జాతీయ చిహ్నమిది. పోర్చుగల్ దేశంలో ఇటువంటి గుర్తింపు గల తీరాలు వందలలో ఉన్నవి. అచ్చట స్నానపు ఋతువులో రక్షకులు కాపలా ఉండి జెండాలు ఎగురవేయుదురు. ఆకుపచ్చ జెండా ఉన్న ఈదవచ్చును, పసుపు ఉన్న ఈదక స్నానం మాత్రం చేయవచ్చును, ఎరుపు ఉన్న నీటిలో కాలు పెట్టరాదు. తీరం ఎంచుకొను మనం కూడ గది అద్దెతోపాటు "కాపలావారు ఉన్నారా? త్రాగునీరు, మరుగుదొడ్డి, మంచినీటి స్నానం ఉన్నవా? వైద్యుడు ఎంత దూరం?" అని విచారించవలెను. ఈ ప్రశ్నలకు తృప్తికరమైన జవాబు రాని చోటు ఎంత సుందరమైనను కుటుంబానికి తగదు.

ఎండకు మోతాదు కలదు

మన తీరం తూర్పుముఖం. సూర్యుడు నీటినుండి ఉదయించి నేలవైపు అస్తమించును. దక్షిణముఖమైన అల్‌గార్వ్ తీరాన పగలంతా ఎండయే. మన తీరాన మధ్యాహ్నం గడచినకొలది సరుగుడు, తాటిచెట్ల నీడ ఇసుకమీదికి జరిగి వచ్చును. అందుచేత ఉదయం సూర్యోదయం నుండి ఎనిమిదిన్నర వరకు, సాయంకాలం నాలుగు దాటిన తరువాత నీటి దగ్గర ఉండవలెను. నడుమ కాలం నీడకు, భోజనానికి, నిద్రకు వినియోగించవలెను.

ఇందొక సూక్ష్మం ఉన్నది. లేత ఎండ హాయి గొలుపును గాని, చర్మంలో డి విటమిను తయారగుటకు కావలసిన కిరణాలు అందులో మిక్కిలి తక్కువ. మన నీడ మన ఎత్తు కంటె పొట్టిగా ఉన్న వేళలోనే అవి సమృద్ధిగా లభించును. ఇంటిలోనే పగలంతా గడుపు గృహిణులు, వృద్ధులు శీతకాలంలో అట్టి వేళలో చేతులు, కాళ్లు, ముఖం ఎండకు తగులునట్లు పావుగంట మొదలు అరగంట వరకు కూర్చుండుట మేలు. వయస్సు, చర్మవర్ణం బట్టి ఈ కాలం మారును. చర్మం చురుక్కుమనక ముందే లేవవలెను. ఇందుకొరకు సముద్రానికే పోనక్కరలేదు. ఇంటి వసారా చాలును.

గొడుగు క్రింద కూర్చుంటిమి గనుక భయం లేదని అనుకొనరాదు. అతినీల లోహిత కిరణాలలో సుమారు 15 శాతం పొడి ఇసుక, 25 శాతం వరకు సముద్రపు నురుగు వెనుకకు త్రిప్పికొట్టునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కనుక పూర్తి చేతుల నూలు చొక్కా, వెడల్పు అంచు టోపీ లేదా తలపాగా ధరించవలెను.

నీటిలో దిగుటకు ముందు

ఈ తీరాలలో ఏటేటా యువకులు మునిగి మరణించుట, ఆ తరువాత పోలీసులు కొంతకాలం తీరాన్ని మూసివేయుట జరుగుచున్నవి. మెట్టప్రాంతపు పిల్లలకు చెరువు, బావి ఈత తెలియును. సముద్రపు ఈత వేరు. చెరువునీరు నిలుచును, సముద్రపు నీరు లాగును. ఒడ్డుకు వచ్చిన అలల నీరు ఒకచోట సన్నని పాయగా కూడి వేగంగా లోనికి పోవును. అచ్చట అలలు విరగక నీరు ప్రశాంతంగా కనిపించును. తెలియనివారు అదే మంచిచోటని దిగుదురు. ఆ పాయలో చిక్కినవారు ఒడ్డువైపు ఎదురీదరాదు. బలమంతా అచ్చటనే ఖర్చగును. ఒడ్డుకు సమాంతరంగా ప్రక్కకు ఈది, పాయ దాటిన తరువాత ఒడ్డు చేరవలెను. ఈత రానివారు మోకాలి లోతు మించరాదు. పిల్లలకు ఒక పెద్ద, చేతికందునంత దూరంలో, కబుర్లు మాని, సెల్‌ఫోను ప్రక్కన పెట్టి నిలువవలెను.

మూర్ఛరోగం కలవారు, మద్యం సేవించినవారు, భోజనం చేసి గంట గడువనివారు నీటిలో దిగరాదు. కాలేయవ్యాధి ఉండి ఒంటిపై పుండు ఉన్నవారు సముద్రజలానికి దూరంగా ఉండవలెను. ఆ నీటిలోని కొన్ని సూక్ష్మక్రిములు వారికి ప్రాణాంతకం కాగలవు. మధుమేహ రోగులు ఒట్టి కాళ్లతో ఇసుకపై నడువరాదు. స్పర్శ తగ్గిన పాదానికి వేడి, ఆల్చిప్ప కోత తెలియవు. నీరు పోవుటకు మాత్రలు వాడు రక్తపోటు రోగులు ఎండలో తొందరగా సొమ్మసిల్లుదురు.

ఇసుక, కీళ్ల నొప్పులు

వేడి ఇసుకలో కాళ్లు పాతుకొని కూర్చుండిన కీళ్ల నొప్పులు పోవునని ఒక నమ్మకం. దీనికి మూలం లేకపోలేదు. ఆమవాతంలో, అనగా వాపు, బరువు, బిగుసుకుపోవుట గల నొప్పులలో, వాలుకా స్వేదం చెప్పబడినది. ఇసుకను వేయించి బట్టలో మూటకట్టి, వైద్యుని పర్యవేక్షణలో కాపడం పెట్టుదురు. అయితే వయసుతో అరిగిన కీళ్లకు ఈ రూక్షస్వేదం పనికిరాదు. వాటికి నూనె కావలెను. రోగం గుర్తింపక ఇసుకలో కూర్చుండుట వలన మేలు కంటె కీడే జరుగును.

మరొక మాట. మన మార్కాపురం, కనిగిరి ప్రాంతాలలో బోరునీటి ఫ్లోరైడు వలన కీళ్లు, వెన్ను బిగిసిన వారు అనేకులున్నారు. సముద్రస్నానం వలన ఆ బాధ తీరునని ఎవరైన చెప్పిన నమ్మరాదు. దానికి మొదటి మందు శుద్ధమైన త్రాగునీరు. తరువాత పాలు, రాగులు, ఉసిరిక, జామ వంటి ఆహారం, వైద్యుని సలహా. ప్రయాణానికి వెచ్చించు సొమ్ములో కొంత ఇంటికి మంచినీటి ఏర్పాటు కొరకు కేటాయించుట వివేకం.

వంటింటి సన్నాహం

గృహిణులు బయలుదేరుటకు ముందు ఈ క్రింది వస్తువులు సిద్ధం చేసుకొనవలెను.

1. శొంఠిపొడి, బెల్లం కలిపి శనగగింజంత ఉండలు. బస్సులో వాంతి వచ్చువారు ప్రయాణానికి అరగంట ముందు ఒకటి, రెండు చప్పరించవలెను. ఎండబెట్టిన ఉసిరిక ముక్కలు కూడ మంచివి.

2. ధనియాల హిమం. ఒక భాగం ధనియాలను కచ్చాపచ్చాగా దంచి, ఆరు భాగాల చల్లని నీటిలో రాత్రి నానవేసి, ఉదయం వడగట్టి, పటికబెల్లం కలిపి త్రాగవలెను. లోపలి మంటను, దప్పికను తగ్గించును. మధుమేహులు తీపి మానవలెను.

3. అల్లం, కరివేపాకు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ. చిలికిన నాలుగైదు గంటలలో ముగించవలెను.

4. పెరుగన్నం ఉదయపు ఫలహారంగా ముగించవలెను. మధ్యాహ్నానికి పులిహోర, జొన్నరొట్టె, వేరుశనగ పొడి వంటివి నిలువ ఉండును. తీరాన చేపలు తినువారు తాజావి, ఎదుట వండినవి మాత్రమే తినవలెను. చేపలతో పాలు విరుద్ధాహారమని శాస్త్రం.

5. ఒక లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు సమమట్టపు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. విరేచనాలు, వడదెబ్బ లక్షణాలు కనిపించిన వెంటనే కొద్దికొద్దిగా ఇచ్చుటకు ఇది ప్రాణరక్షకం.

కొబ్బరినీరు తీరాన సులభంగా లభించు అమృతం. కాని మూత్రపిండాల వ్యాధి కలవారు అందులోని పొటాషియం కారణంగా వైద్యుని అడుగకుండ త్రాగరాదు. ఉప్పు మజ్జిగ కూడ వారికి, రక్తపోటు కలవారికి మితం. సముద్రపు నీటిని ఏ కారణం చేతనైనను మ్రింగరాదు. లీటరుకు 30 గ్రాములకు పైబడిన ఉప్పు గల ఆ నీరు దేహంలోని నీటిని హరించును.

చిన్న బాధలకు చికిత్స

ఎండకు చర్మం కమిలినచో వెంటనే నీడకు వచ్చి, చల్లని మంచినీటి గుడ్డ పావుగంట వేయవలెను. తరువాత కలబంద గుజ్జు పూయవచ్చును. మంట ఉన్నంతవరకు నూనె, వెన్న రాయరాదు. బొబ్బలు లేచినచో, జ్వరం వచ్చినచో వైద్యుని చూడవలెను.

జెల్లిచేప తగిలినచో రుద్దరాదు, ఇసుక పూయరాదు, మంచినీటితో కడుగరాదు. సముద్రపు నీటితోనే కడిగి, అంటిన తంతువులను అట్టముక్కతో తొలగించి, ఓర్చుకొనగలిగినంత వేడినీటిలో ఆ భాగాన్ని ఉంచవలెను. ఆయాసం, గుండెదడ, వాపు ఉన్న ఆలస్యం చేయక వైద్యశాలకు పోవలెను.

చెవిలో నీరు పోయినచో తల ఆ ప్రక్కకు వంచి కార్చవలెను. చీము కారు అలవాటు, కర్ణభేరికి రంధ్రం ఉన్నవారు చెవిలో నూనె పోయరాదు. కండ్లు మండినచో మంచినీటితో కడుగుటయే చాలును.

మాట తడబడి, చర్మం కాలిపోవుచు, స్పృహ తప్పుచున్నచో అది వడదెబ్బ. గృహవైద్యంతో కాలయాపన కూడదు. బట్టలు వదులుచేసి, తడిగుడ్డలతో విసరుచు, వెంటనే వైద్యశాలకు చేర్చవలెను. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

తిరిగివచ్చిన తరువాత

నీటినుండి బయటికి వచ్చిన వెంటనే మంచినీటితో తల, ఒళ్లు కడుగుకొనవలెను. చర్మంపై ఎండిన ఉప్పు దురదకు, ఒరపిడికి కారణం. పెసరపిండితో మృదువుగా రుద్దుకొని, తడి ఆరిన తరువాత కమలని చర్మానికి కొబ్బరినూనె పలుచగా పూయవలెను. ఇల్లు చేరిన మరునాడు పిల్లలను బడికి తరుముట, పెద్దలు పొలానికి, కొలువుకు పరుగెత్తుట తగదు. ఒక్క దినం విశ్రాంతి, పెసరకట్టు, నెయ్యి, వెచ్చని నీరు. దేహం మరల తన జాంగల దేశానికి అలవాటు పడును.

బడి సెలవులు ఎప్పుడు అని చూచి తీరం నిర్ణయించుట మన అలవాటు. ఇంటిలో అందరికంటె బలహీనులు ఎవరు అని ముందుగా చూచి, వారికి తగిన ఋతువును, వారికి తగిన తీరాన్ని నిర్ణయించినచో మిగిలినవారందరికి అది తానే తగియుండును. అవ్వ సరుగుడు నీడన కూర్చుండి, మనుమడు మోకాలి లోతు నీటిలో ఆడుచు, ఇద్దరును మరునాడు ఆరోగ్యంగా లేచినచో ఆ విహారం సఫలమైనట్లే.